గొంతు, ల్యాప్‌టాప్, కడప: ఎలక్ట్రానిక్ పాటల బృందం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో మేం కొందరం కలిసి, పాడే గొంతుకు ల్యాప్‌టాప్‌లో కట్టిన సంగీతాన్ని జోడించి పాటలు చేస్తున్నాం. ప్రొద్దుటూరు, రాయచోటి, అనంతపురం, కర్నూలు నుంచి యువతీయువకులు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అందుకే వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ప్రశ్నలు అడిగినవారి మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మీరు చేసేది డీజే పాటలా, రీమిక్సులా?

రెండూ కాదు. డీజే అప్పటికే తయారైన పాటలను ఒకదానికొకటి కలుపుతూ పోతాడు. రీమిక్స్ చేసేవారు ఉన్న పాటకు కొత్త దరువు వేస్తారు. మేం పాటను మొదటి నుంచి కడతాం. ఒకరు రాస్తారు, ఒకరు పాడతారు, ఒకరిద్దరు ల్యాప్‌టాప్‌లో దరువు, బాస్ (లోతైన కింది స్వరాలు), వెనక పరచుకునే నాదం అల్లుతారు. 1990ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో ఇటువంటి బృందాలు పేరు తెచ్చుకున్నాయి. సోల్ గాత్రాన్ని, జమైకా నుంచి వచ్చిన డబ్ సంగీతపు లోతైన బాస్‌ను, హిప్‌హాప్ దరువును కలిపి నెమ్మదిగా సాగే పాటలు చేశాయి. ఆ శైలిని తర్వాత ట్రిప్‌హాప్ అన్నారు. అప్పట్లో వారు వాడింది శాంప్లర్లు (ధ్వని ముక్కలను పట్టి మళ్లీ మోగించే యంత్రాలు), టేపులు. ల్యాప్‌టాప్ మీదే మొత్తం పని నడిచే రోజులు 2000 తర్వాత వచ్చాయి. వారి పద్ధతి మనకు పనికొస్తుంది. గొంతు మాత్రం మనది మనకుంది: తత్వం, కీర్తన, చెక్కభజన పాట, దర్గా ఖవ్వాలీ.

నాకు శాస్త్రీయ సంగీతం రాదు. అయినా చేయవచ్చా?

చేయవచ్చు. అయితే బృందంలో ఒక్కరికైనా శృతి తప్పితే వెంటనే పట్టుకునే చెవి ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఎవరైనా నేర్చుకుంటారు. చెవి మాత్రం రోజూ పాడగా, వినగా వస్తుంది. ల్యాప్‌టాప్ పట్టుకునేవారు కూడా రోజూ కాసేపు తంబుర శృతి పెట్టుకుని గొంతు విప్పాలి. పాడటం ఎంత కష్టమో తెలియనివారు గాయకుల మీద అవసరం లేని శబ్దాలు పోస్తారు.

కడపలో ఉండి చేయగలమా, హైదరాబాద్‌కో బెంగళూరుకో పోవాలా?

రికార్డింగ్‌కు, మిక్సింగ్‌కు పోనక్కర్లేదు. నగరాల్లో టికెట్ కొని వినే వేదికలు, ఇదే పని చేసే తోటివారు ఎక్కువ. కడపలో ఉన్నది గాత్రం. బ్రహ్మంగారి మఠం వైపు తత్వాలు పాడేవారు, రాజంపేట దగ్గర అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక, పట్టణంలోనే పెద్ద దర్గా ఖవ్వాలీ, దేవుని కడప గుడి, పల్లె పల్లెకూ భజన గుడి. ఇంత వైవిధ్యం ఇంత దగ్గరలో ఉన్న చోటు వదిలి ముందే వెళ్లిపోవడం నాకు నచ్చదు. చెప్పుకోదగిన నాలుగు పాటలు ఇక్కడే పూర్తిచేసుకుని, వాటితో వెళ్లండి.

## మనుషులు, పని పంపకం

బృందంలో ఎంతమంది ఉండాలి?

ఇద్దరున్నా చాలు. ముగ్గురు నలుగురైతే సౌకర్యం. తలల లెక్క కంటే, ఆఖరి మాట ఎవరిదన్నది ముందే తేల్చుకోవడం ముఖ్యం. మా పద్ధతి ఇది: పాడే తీరు గురించి ఆఖరి మాట గాయనిది, శబ్దాల గురించి ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్నవారిది. ఈ రెండూ ఢీకొన్నప్పుడు గొంతు వినపడేలా శబ్దం తగ్గుతుంది.

మా ఊరి భజన పెద్దాయన చేత పాడించాలని ఉంది. ఎలా అడగాలి?

మైకు తీసుకుని మొదటిరోజే వెళ్లకండి. భజన జరిగే రాత్రి వెళ్లి కూర్చోండి, చెక్కలిస్తే చెక్కలు పట్టండి, పాట నేర్పమని అడగండి. ఆ తర్వాత మీరు చేసిన పాట ఒకటి వినిపించి, "తాతా, మీ పాటను ఇలా చేయాలనుకుంటున్నాం" అని చెప్పండి. వినిపించకుండా ఒప్పించడం న్యాయం కాదు. తమ గొంతు కింద ఏం మోగుతుందో ఆయనకు తెలియాలి.

దేవుడి పాటకు ఇలాంటి దరువు వద్దంటే అక్కడితో ఆపేయండి, బతిమాలకండి. ఒప్పుకుంటే రికార్డింగ్ రోజే చేతికి డబ్బు ఇవ్వండి. పేరు, ఊరు పాట వివరాల్లో మొదటి వరుసలో రాయండి. ఆయన గొంతులోంచి రెండు సెకన్ల ముక్క కోసి, దరువు మధ్యలో అలంకారంగా పదే పదే మోగించి, మిగతా పాటంతా వదిలేసే పద్ధతి మాకు అసలు గిట్టదు. ఆ పెద్దాయన చరణం మొత్తం పాడారంటే ఆ చరణానికి ఒక అర్థం ఉంది. దాన్ని పూర్తిగా వినిపించండి.

ఒకరం కడపలో, ఒకరం బెంగళూరులో ఉన్నాం. కలిసి పనిచేయడం ఎలా?

ఇంటర్నెట్‌లో ఒకేసారి కలిసి వాయించాలని చూడకండి, ధ్వని ఆలస్యంగా చేరి తాళం నిలవదు. ఫైళ్లు పంపుకోండి. వేగం, శృతి, శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారన్నది) ముందే ఒప్పుకోండి. మేం వాడేది 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ప్రతి వాద్యాన్నీ విడి వేవ్ ఫైలుగా, అన్నిటినీ పాట తొలి క్షణం నుంచే మొదలయ్యేలా తీయండి. అప్పుడు అవతలివారు వాటిని ఎడమ చివర పెడితే చాలు, అన్నీ సరిగ్గా కూర్చుంటాయి. ఈ లెక్కన ఒక మోనో (ఎడమ కుడి తేడా లేని) ట్రాకు నిమిషానికి దాదాపు 8.6 మెగాబైట్లు. అయిదు నిమిషాల పాటలో గొంతు ఒక్కటే 43 మెగాబైట్ల దాకా వస్తుంది. మెసేజింగ్ యాప్‌లలో వాయిస్ మెసేజ్‌గా పంపితే ధ్వని కుదించుకుపోతుంది, డ్రైవ్ లింకు పంపండి.

## సామాను

ఎలాంటి ల్యాప్‌టాప్ కావాలి?

8 జీబీ ర్యామ్ ఉంటే మొదలుపెట్టవచ్చు, 16 ఉంటే హాయి. హార్డ్ డిస్కు కాకుండా ఎస్‌ఎస్‌డీ ఉండాలి. పాత ల్యాప్‌టాప్ అయితే పూర్తయిన సింథ్ (కంప్యూటరే పుట్టించే వాద్యం) ట్రాకులను ఆడియోగా మార్చేయండి, ప్రాసెసర్ మీద బరువు తగ్గుతుంది.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

మీ పక్కనున్నవారికి ఏది వస్తే అది మంచిది, ఎందుకంటే చిక్కు వచ్చినప్పుడు వారినే అడుగుతారు. రీపర్ 60 రోజులు పూర్తిగా వాడి చూడనిస్తుంది, గొంతు రికార్డింగ్‌కు చక్కగా ఉంటుంది. ఎఫ్ఎల్ స్టూడియో దరువు కట్టడానికి తేలిక, ఒకసారి కొంటే కొత్త వెర్షన్లు ఉచితం. ఏబుల్టన్ లైవ్ 2001లో వచ్చింది. వేదిక మీద పాట భాగాలను అటూ ఇటూ మార్చుకునేవారికి దాన్ని మించింది నేను చూడలేదు. మ్యాక్ ఉంటే గరాజ్‌బ్యాండ్ ఉచితం. ఆడాసిటీ రికార్డు చేసి కత్తిరించడానికి సరే, పాట కట్టడానికి సౌకర్యంగా ఉండదు. దొంగ కాపీ వద్దు. నైతికం సంగతి అటుంచినా, ప్రదర్శన మధ్యలో ఆగిపోయే సాఫ్ట్‌వేర్ మీద గాయనిని నిలబెట్టడం తప్పు.

డబ్బు తక్కువ. మైకు ముందు కొనాలా, ఇంటర్‌ఫేసు ముందా, కీబోర్డు ముందా?

ఇంటర్‌ఫేసు (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), మైకు కలిపి ముందు. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోను తర్వాత. కీబోర్డు ఆఖరున, అప్పటిదాకా స్వరాలను మౌసుతో పెట్టుకోవచ్చు. మైకుల్లో డైనమిక్, కండెన్సర్ అని రెండు రకాలు ముఖ్యం. కండెన్సర్ సున్నితం. దానికి ఇంటర్‌ఫేసు నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. అది ఊపిరి కూడా పట్టుకుంటుంది, వీధిలో ఆటో హారన్ కూడా పట్టుకుంటుంది. మన ఇళ్లలోని గదులకు డైనమిక్ మైకు నయం. పైగా అదే మైకు వేదిక మీదా పనికొస్తుంది.

## గొంతు రికార్డింగ్

గదిలో రికార్డు చేస్తే గుహలో పాడినట్టు వస్తోంది. ఏం చేయాలి?

సున్నం గోడలు, బండల నేల, ఖాళీ గది ఉంటే అలాగే వస్తుంది. పాడేవారి వెనకా పక్కలా మందపాటి బొంతలు వేలాడదీయండి. మైకు ముందువైపు ధ్వనినే ఎక్కువగా తీసుకుంటుంది కాబట్టి, అది చూసే వైపు, అంటే గాయకుడి వీపు వెనక, మెత్తదనం ఎక్కువ కావాలి. చాలామంది మైకు వెనక మాత్రమే స్పాంజి అంటించి ఊరుకుంటారు. గది మధ్యలో నిలబెట్టకండి, మూలకూ నెట్టకండి. నోటికీ మైకుకూ జానెడు దూరం చాలు. మరీ దగ్గరికి వస్తే గొంతులో మంద్రం ఉబ్బుతుంది.

ఫ్యాను ఆపక తప్పదు. మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటే ఊరిలో గది మూసి పాడించడం గాయకులను హింసించడమే. తెల్లవారుజామున పెట్టుకోండి. ఊరు సద్దుమణిగి ఉంటుంది, గొంతు కూడా ఎండకు అలసిపోయి ఉండదు.

హెడ్‌ఫోనులో నా గొంతు నాకే ఆలస్యంగా వినపడుతోంది.

బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే ధ్వని, పెద్దదిగా ఉంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ ఒక్కవైపే సుమారు 21 మిల్లీసెకన్లు తింటుంది. 128కి తగ్గిస్తే మూడు లోపే. రికార్డింగ్‌లో 128, మిక్సింగ్‌లో 1024 పెట్టుకోండి. ఇంటర్‌ఫేసు మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే అది వాడండి, గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా సూటిగా చెవికి వస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోను మాత్రం రికార్డింగ్‌కు పనికిరాదు.

ఆటోట్యూన్ వేయాలా వద్దా?

ఇది అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న. ఆటోట్యూన్ 1997లో వచ్చింది. అది పాడిన స్వరాన్ని దగ్గరలోని మెట్టుకు లాగుతుంది. పియానో మెట్ల మీద నడిచే పాటకు అది సరే. మన పాటలో స్వరం మెట్టు మీద నిలబడదు, ఊగుతుంది, జారుతుంది. తోడి రాగంలో గాంధారం అలా ఊగితేనే తోడి. సాఫ్ట్‌వేర్‌కు అది తప్పులా కనిపిస్తుంది, సరిచేస్తుంది, రాగం చచ్చిపోతుంది. భజన గొంతుల్లో వాక్యం చివర కిందికి వదిలేసే జారుడు కూడా అలాగే పోతుంది.

కాబట్టి పాటంతటి మీదా ఆటోమేటిక్‌గా వేయవద్దు. స్వరం వచ్చి నిలవాల్సిన చోట కొంచెం తక్కువ పడితే, ఆ ఒక్క చోటే చేత్తో సరిచేయండి, గమకం ముట్టుకోకండి. వీలైతే ఆ పంక్తి మళ్లీ పాడించండి, అదే అన్నిటికన్నా మేలు. కావాలనే యంత్రపు గొంతు చేయడం వేరే సంగతి. అది అలంకారం, దిద్దుబాటు కాదు. గాయని ఒప్పుకుంటే రెండో గొంతుగా వెనక వాడండి, అసలు గొంతు ముందు అసలుగానే ఉండనివ్వండి.

## పాట కట్టడం

మా గాయని "నాది అయిదున్నర శృతి" అంటుంది. ల్యాప్‌టాప్‌లో ఏం పెట్టాలి?

ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదు జి, అయిదున్నర జి షార్ప్, ఆరు ఎ. మూడున్నర లేదు, ఎందుకంటే ఇ, ఎఫ్‌ల మధ్య నల్ల మెట్టు ఉండదు. అయిదున్నర అన్నారు కాబట్టి షడ్జం జి షార్ప్. మీ దగ్గర కట్టిపెట్టిన ట్రాకు వేరే శృతిలో ఉంటే ట్రాకునే మార్చండి, గాయనిని మారమనకండి. అరశృతి తేడాతో కూడా తారస్థాయిలో గొంతు చీలుతుంది.

భజన గుళ్లలోని పాత హార్మోనియం చాలాసార్లు ఎ స్వరానికి పెట్టుకున్న 440 హెర్ట్జ్ ప్రమాణానికి సరిగ్గా ఉండదు. అప్పుడు ట్యూనర్‌తో తేడా కొలిచి, సింథ్‌లను అన్ని సెంట్లు జరపండి. అరస్వరానికి 100 సెంట్లు.

తాళం లేకుండా పాడిన తత్వానికి దరువు ఎలా వేయాలి?

ముందు గొంతు, తర్వాత గడియారం. పెద్దాయన చెవిలో టిక్‌టిక్ పెట్టి పాడమంటే పాట బిగుసుకుపోతుంది. తంబుర శృతి ఒక్కటే వినిపించి, ఆయన ఊపిరి ప్రకారం పాడనివ్వండి. తర్వాత మాటల్లో బరువు పడ్డ అక్షరాలను గుర్తించి, సాఫ్ట్‌వేర్‌లోని గీతలను అక్కడికి జరపండి. అప్పుడు దరువు గొంతు వెంట నడుస్తుంది. ఇంకో దారి, పల్లవి మొత్తం దరువు లేకుండా నాదంతోనే నడిపి, తాళం ఉన్న చరణంలో దరువు తేవడం. మాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం. వినేవారు ముందు మాట పట్టుకుంటారు, తర్వాత ఒళ్లు కదులుతుంది.

చెక్కభజన పాటల్లో నడక క్రమంగా వేగం పుంజుకుంటుంది. ఒకే వేగంలో బిగిస్తే ఆ ఉత్సాహం పోతుంది. వేగపు గీతను మెల్లగా పైకి గీయండి. మిశ్రచాపు అయితే ఏడు, ఖండచాపు అయితే అయిదు అక్షరాలుగా లెక్క మార్చుకోండి, సాఫ్ట్‌వేర్ దానంతట అది నాలుగే పెడుతుంది.

రాగానికి కార్డ్స్ వేయవచ్చా?

కార్డ్స్ అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు. వేయవచ్చు, రాగంలోని స్వరాలతోనే వస్తే. మోహనంలో స-గ-ప, ద-స-గ రెండూ రాగం దాటకుండా కుదురుతాయి. హిందోళంలో మ-ద-స, ద-స-గ కుదురుతాయి. పాట మొత్తానికి ఈ రెండేసి చాలు. గమకాలు ఎక్కువున్న రాగాలకు కార్డ్స్ మానేసి షడ్జ పంచమాలు, కింద కదిలే బాస్ ఉంచండి.

తప్పెట, ఉరుము, చెక్కల శబ్దాలు ఎక్కడ దొరుకుతాయి?

డౌన్‌లోడ్ చేయకండి, రికార్డు చేయండి. తప్పెటను మంట దగ్గర కాచిన వెంటనే తీసుకోవాలి, చల్లారితే చర్మం వదులై శృతి దిగుతుంది. అనంతపురం ప్రాంతపు ఉరుములో వంపు కర్రతో చర్మాన్ని రాసినప్పుడు వచ్చే గర్జన ఉంది చూశారూ, అంత సజీవమైన బాస్‌ను నేను ఏ సింథ్‌లోనూ వినలేదు. దానికి దరువు బాస్ మళ్లీ జోడించకండి, రెండూ ఒకే చోట కొట్టుకుంటాయి. చెక్కల్లోని బిళ్లల గలగల, గాయని పలికే స, శ అక్షరాల ధ్వని ఒకే ఎత్తులో ఉంటాయి. గొంతు ఉన్నప్పుడు చెక్కలను పక్కకు జరిపి, ఆ ఎత్తులో కాస్త తగ్గించండి.

## వేదిక మీద

జాతరలో మైక్‌సెట్ మీద వేస్తే బాస్ వినపడటం లేదు.

గొట్టాల స్పీకర్లు మాటకోసం చేసినవి, మంద్ర ధ్వని వాటిలోంచి రాదు. బాస్‌కు కొంచెం డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చడం) కలపండి. దానితో పుట్టే పైస్థాయి స్వరాలు (హార్మోనిక్స్) వినపడితే చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. చాలాచోట్ల స్పీకర్లన్నీ మోనోలోనే మోగుతాయి, కాబట్టి ఇంట్లోనే మోనోలో విని చూసుకోండి. ఛార్జర్ పెట్టగానే గుయ్‌మని శబ్దం వస్తే ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్యలో డీఐ బాక్సు (ఆ రొదను ఆపే చిన్న పెట్టె) పెట్టండి.

ల్యాప్‌టాప్ ముందు నిలబడితే, "పాట పెట్టి ఊరికే నిలబడ్డారు" అంటున్నారు.

మొత్తం పాటను ఒకే ఫైలుగా పెట్టి ఉంటే వారి మాటలో నిజం ఉంది. పాటను భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగం మీరు ముందుకు నడిపేదాకా తిరుగుతూ ఉండేలా పెట్టండి. మన ప్రేక్షకులు మంచి పంక్తి వస్తే మళ్లీ అనమంటారు, గాయని మళ్లీ అంటుంది. ఫైలు ఆగదు, మీరు ఆగగలరు. దరువు తీసేయడం, గొంతుకు ఎకో వేయడం చేత్తో అక్కడికక్కడ చేయండి. గాయని ముఖం కనపడేలా నిలబడండి.

వేడికి, కరెంటు కోతకు ఏం చేస్తారు?

ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టి కింద గాలి ఆడనివ్వండి, ఎండ తగలనివ్వకండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది, ధ్వని తెగుతుంది. బఫర్ 256 దగ్గర పెట్టుకోండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కానీ మిక్సర్ ఆగుతుంది. దానికి చిన్న యూపీఎస్ పెట్టండి. కేవలం గొంతు, తప్పెటతో పాడగలిగే పాట ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

అనుమతి కావాలా?

ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెడితే కావాలి, పోలీసుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా.

## విడుదల, హక్కులు, డబ్బు

అన్నమయ్య కీర్తన వాడుకోవచ్చా? అది అందరిదీ కదా?

సాహిత్యం అందరిదే. బాణీ సంగతి వేరు. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా జీవించారు. మనం ఇప్పుడు వింటున్న బాణీల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వారిలో ముఖ్యులు, 1979లో కన్నుమూశారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సంగీత రచనకు కర్త మరణం తర్వాత 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. అందువల్ల ఆ బాణీ వాడాలంటే హక్కుదారుల అనుమతి అడగాలి. సాహిత్యం మాత్రమే తీసుకుని మీరే కొత్త బాణీ కడితే ఎవరినీ అడగనక్కర్లేదు. మాకైతే అదే ఆనందం. రాగిరేకుల్లో వేల కీర్తనలున్నాయి, ఎవరూ పాడనివి వెతకండి.

సినిమా పాటలోంచి కొన్ని సెకన్లు తీసుకుంటే ఫర్వాలేదంటారు కదా?

అలాంటి సెకన్ల లెక్క చట్టంలో లేదు. ముక్క ఎంత చిన్నదైనా అనుమతి కావాలి.

వచ్చే డబ్బు ఎలా పంచుకోవాలి?

విడుదలకు ముందే కాగితం మీద రాసుకోండి. మాటలు, బాణీ, గానం, నిర్మాణం అని నాలుగు సమాన భాగాలు చేయడం మా పద్ధతి. ఆశ ఎక్కువ పెట్టుకోకండి. 2024 నుంచి స్పాటిఫైలో గడచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లు మోగని పాటకు రాయల్టీయే లేదు. కాబట్టి పల్లె గాయకులకు "తర్వాత వాటా ఇస్తాం" అని చెప్పడం ఉత్త మాట అవుతుంది. వారికి ముందు నగదు, ఆపైన వాటా. ఆ నగదు బృందంలోని మిగతావారు తలా కొంత వేసుకోవాలి.

పాట విడుదలయ్యాక గాయకుడు తీసేయమంటే?

ప్రదర్శకులకు మన చట్టంలో 50 ఏళ్ల పాటు హక్కు ఉంది. అయితే రాసుకున్న ఒప్పందాన్ని బట్టి చట్టం ఎటు మొగ్గుతుందనేది తర్వాతి మాట. కారణం ముందు అడగండి. పేరు తప్పు పడిందనో, దేవుడి పాట ఫలానా వీడియోకు వాడారనో అయితే సరిదిద్దండి. అయినా వద్దంటే తీసేయండి, ఇచ్చిన డబ్బు తిరిగి అడగకండి. దరువు, బాస్ మీవే కాబట్టి ఆ గొంతు తీసి, మరో గొంతుకు మరో పాట దాని మీద కట్టుకోవచ్చు.